వెండెల్ మామయ్య చదివిన యూనివర్సిటీ

మార్నీ హాల్వర్సన్‌కి దరఖాస్తు చేసిన రెండు యూనివర్సిటీల్లోనూ సీటు వచ్చిందని తెలిసిన ఆదివారమే, ఆమె ఎక్కడ చేరాలో వెండెల్ మామయ్య తేల్చిపారేశాడు. ఆమెను అడగలేదు. అడిగే అలవాటు ఆయనకు లేదు.

ఆయన మార్నీ తల్లి డార్లీన్‌కి అన్న. ఆసుపత్రులకు మంచాలు అమ్మే కంపెనీలో పెద్ద ఉద్యోగం. ఎప్పుడో ముప్ఫయ్యేళ్ళ కిందట హార్లో యూనివర్సిటీలో చదివాడు. ఆ పేరు రాసున్న ఎర్ర స్వెటర్ తొడుక్కోకుండా, చర్చికి తప్ప ఎక్కడికీ వెళ్ళడు. ఫుట్‌బాల్లో హార్లో ఓడిన రోజు ఆయన ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు.

“స్టెన్నెట్ స్టేటా?” అన్నాడు, మాంసం, బంగాళాదుంపలు కలిపి కాల్చిన హాట్‌డిష్ రెండోసారి వడ్డించుకుంటూ. “ఆవులకు సూదులు వెయ్యడం నేర్పే కాలేజీ అది. అక్కడ చదివినవాడి దగ్గరికి మనుషులెవరైనా పోతారా?”

“అక్కడ చదివి డాక్టర్లయినవాళ్ళు ఉన్నారు మామయ్యా.”

“ఉంటారు. కోటికొకరు.”

“దాని చదువు, దాని ఇష్టం. నువ్వు తిను,” అంది డార్లీన్. ఆమె స్కూలు బస్సు నడుపుతుంది. వాదనలు వినీ వినీ విసుగెత్తిన గొంతు ఆమెది.

మార్నీ రెండేళ్ళుగా ఊళ్ళోని చిన్న కాలేజీలో చదువుతోంది. తెల్లవారుజామున వృద్ధాశ్రమానికి వెళ్ళి ముసలివాళ్ళకు స్నానాలు చేయించి, ఆ తర్వాత క్లాసుకు పోయేది. డాక్టరు కావాలన్నది ఆమె పట్టుదల. ఊళ్ళో కాలేజీ రెండేళ్ళతో అయిపోతుంది. డిగ్రీకి మిగిలిన రెండేళ్ళూ పెద్ద చోట చదివి పట్టా పుచ్చుకుంటేనే మెడికల్ కాలేజీలు మొహం చూస్తాయి. హార్లో, స్టెన్నెట్ రెండూ ప్రభుత్వానివే. కాకపోతే హార్లో రాజధానిలో ఉంది, స్టెన్నెట్ గోధుమ పొలాల మధ్య ఉంది.

డార్లీన్‌కి సెలవు దొరకలేదు. హార్లో చూపించడానికి వెండెల్ మామయ్యే కారు తీశాడు. పిలవకపోయినా వచ్చేవాడే.

అక్కడ వాళ్ళను తిప్పిన కుర్రాడు వెనక్కి నడుస్తూ, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ మాట్లాడాడు. ముందు విద్యార్థులు సరదాకి ఎగబాకే మూడంతస్తుల గోడ చూపించాడు. తర్వాత ఈతకొలను, అందులో తేలుతూ తిరగడానికి ఒక ఉత్తుత్తి నది. ఆ తర్వాత, అలిసిపోయిన విద్యార్థులు కునుకు తియ్యడానికి గుడ్డు ఆకారంలో చేసిన కుర్చీలు. లైబ్రరీని మాత్రం దూరం నుంచి చేత్తో చూపించి సరిపెట్టాడు. ఇక్కడ చదివి ఎవరు అలిసిపోతారో మార్నీకి అర్థం కాలేదు. వెండెల్ మామయ్య యూనివర్సిటీ గుర్తయిన కంచు ఎద్దు బొమ్మ పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. ఎద్దు కొమ్ము మీద చెయ్యి వేసి, దాన్ని తనే పోత పోసినట్టు చూశాడు.

మెడిసిన్‌కి వెళ్ళాలనుకునేవాళ్ళకు సలహాలిచ్చే ఆఫీసులో డాక్టర్ క్విగ్లీ కూర్చోబెట్టి మాట్లాడాడు. రోగి చెయ్యి పట్టిన డాక్టరు కాడు, చరిత్రలో డాక్టరేటు తీసుకున్న డాక్టరు.

“మా దగ్గర్నుంచి దరఖాస్తు చేసేవాళ్ళలో వందకు తొంభైమందికి మెడికల్ సీట్లు వస్తాయి,” అన్నాడు మెత్తగా. “ఈ రాష్ట్రంలో ఇంకెక్కడా అంతమందికి రావు.”

“విన్నావా?” అన్నాడు వెండెల్ మామయ్య.

“మీ దగ్గర దరఖాస్తు ఎవరు చేస్తారండీ?” అని అడిగింది మార్నీ.

“సిద్ధంగా ఉన్నారని మా కమిటీ అనుకున్నవాళ్ళు.”

“అనుకోకపోతే?”

“సిఫారసు ఉత్తరం ఇవ్వం. అది వాళ్ళ మేలు కోసమే.”

“ఉత్తరం లేకుండా పంపుకోవచ్చా?”

“నిరభ్యంతరంగా. కాకపోతే వాళ్ళు మా లెక్కలోకి రారు.”

“మొదటి ఏడాది డాక్టర్లమవుతామని చేరేవాళ్ళు ఎంతమంది?”

క్విగ్లీ బల్ల మీది కలాన్ని జరిపి, తిన్నగా ఉందో లేదో చూసుకున్నాడు. “దారిలో చాలామంది తమను తాము తెలుసుకుంటారు, మార్నీ. మీ సంగతికొస్తే, బయటినుంచి వచ్చినవాళ్ళను కమిటీ చూడాలంటే ఇక్కడ రెండేళ్ళూ పూర్తి కావాలి. ఒక ఏడాది ఆలస్యమవుతుంది. ఆ ఏడాదిని కూడా మీరు ఆనందించవచ్చు.”

మునిగిపోయినవాళ్ళు అసలు ఏట్లో దిగనే లేదని చెబితే ఏ పడవవాడైనా గొప్పవాడే, అనుకుంది మార్నీ. పైకి మాత్రం థాంక్స్ చెప్పి లేచింది. వాళ్ళు చేతికిచ్చిన ఎర్ర సంచీని బయటి చెత్తబుట్టలో పడేస్తుంటే మామయ్య చూసి, వెనక్కి తీసి దులిపి చంకలో పెట్టుకున్నాడు.

తిరుగు దారిలో ఆయన ఎక్కడా ఆగకుండా హార్లోని పొగిడాడు. ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మార్నీ అడిగింది.

“మామయ్యా, నువ్వు అక్కడ చేరినప్పుడు ఏమవుదామనుకున్నావు?”

“అందరూ అనుకునేదే.”

“అంటే?”

ఆయన అద్దంలో వెనక లారీని కాసేపు చూశాడు. “డాక్టరు. కమిటీ రాయలేదులే. మంచి పనే చేశారు. నాకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి.”

“ఏటా నవంబరులో వేటాడిన జింకను నువ్వే కోస్తావుగా.”

“అది వేరు.”

“వాళ్ళ లెక్కలో నువ్వు లేవు మామయ్యా. నువ్వు అసలు చేరనట్టే.”

వెండెల్ మామయ్య రేడియో పెట్టాడు. మార్నీ కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది. బయటికి గెంటినవాళ్ళ జెండాను ముప్ఫయ్యేళ్ళుగా మోస్తున్న మనిషిని చూస్తే ఆమెకు ముందు ఏవగింపు కలిగింది. తర్వాత కొంచెం జాలి కూడా వేసింది. ఆ జాలి ఆమెకు నచ్చలేదు.

స్టెన్నెట్‌కి మార్నీ ఒక్కతే, తల్లి పాత కారు తీసుకుని వెళ్ళింది. తిప్పి చూపించే కుర్రాళ్ళు లేరు. గాలిలో నిజంగానే పశువుల కొట్టం వాసన ఉంది. రెండో అంతస్తులో ప్రొఫెసర్ ఓపల్ రైనార్ట్ పరీక్ష పేపర్ల మీద శాండ్విచ్ తుంపులు రాలుస్తూ తింటోంది. కూర్చోమని కూడా అనలేదు.

“నీ ఆర్గానిక్ కెమిస్ట్రీ ఇక్కడ చెల్లదు. మళ్ళీ చదవాలి,” అంది.

“నాకు ‘ఎ’ వచ్చిందండీ.”

“చూశాను. మీ కాలేజీలో ల్యాబ్ లేదు. వీడియో చూసి ఈత నేర్చుకున్నావు. ఫిజిక్స్‌లో ‘బి’ ఎందుకొచ్చింది?”

“ఉద్యోగం చేస్తున్నాను.”

“చాలామంది చేస్తారు.”

మార్నీకి ఒళ్ళు మండింది. “మీ దగ్గర ఎంతమందికి సీటొస్తుంది?” అని అంతే పుల్లవిరుపుగా అడిగింది.

“చేరేటప్పుడు నలభైమంది చేతులెత్తుతారు. దరఖాస్తు దాకా వచ్చేది పన్నెండుమంది. కిందటేడు ఐదుగురికి వచ్చింది. రానివాళ్ళలో ఒకడు కింద ల్యాబ్ చూసుకుంటున్నాడు, మళ్ళీ దరఖాస్తు పెడతాడు. వెళ్ళి మాట్లాడు, దాచేదేం లేదు.”

“ఉత్తరం ఎవరికిస్తారు?”

“అడిగినవాళ్ళందరికీ. అబద్ధం మాత్రం రాయను. ఇవాళే నీకు రాయమంటే నీకు నచ్చదు.”

మార్నీ కిందకి వెళ్ళి ఆ ల్యాబ్ కుర్రాడితో గంటసేపు మాట్లాడింది. అతను రైనార్ట్‌ని తిట్టాడు, చలికాలాన్ని తిట్టాడు, పాత సూక్ష్మదర్శినుల్ని తిట్టాడు. రైనార్ట్ తన విద్యార్థుల్లో ఎవరి పేరైనా మర్చిపోతుందా అని మార్నీ అడిగితే మాత్రం లేదన్నాడు. ఆ వారంలోనే మార్నీ స్టెన్నెట్‌లో పేరు నమోదు చేసుకుంది.

“చేజేతులా గొయ్యి తవ్వుకుంది,” అని వెండెల్ మామయ్య ఊరంతా చెప్పాడు.

కొన్నాళ్ళు ఆయన మాటే నిజమనిపించింది. మళ్ళీ చదివిన కెమిస్ట్రీలో ‘ఎ’ కాదు, ‘బి’ వచ్చింది. రైనార్ట్ అయ్యో అనలేదు, తప్పులు చూపించి మళ్ళీ చెయ్యమంది. చివరి ఏడాది పంపిన దరఖాస్తులకు ఒక్క మెడికల్ కాలేజీ కూడా రమ్మనలేదు. పట్టా చేత పట్టుకుని మార్నీ వృద్ధాశ్రమానికే తిరిగొచ్చింది.

ఆ ఆదివారం భోజనాల దగ్గర మామయ్య కుర్చీ వెనక్కి వాల్చాడు. “హార్లో అయితే ఇట్లా కానిచ్చేది కాదు.”

“నిజమే, కానిచ్చేది కాదు,” అంది మార్నీ. “ముందే లెక్కలోంచి తీసేసేది. నిన్ను తీసేసినట్టు. ఆ మాట అత్తయ్యకైనా ఎప్పుడైనా చెప్పావా?”

అత్తయ్య ఫోర్కు కింద పెట్టింది. ఆమెకు తెలియదని ఆమె మొహమే చెప్పింది. వెండెల్ మామయ్య నేప్‌కిన్ మడిచాడు. తర్వాత చాలా ఆదివారాలు ఆ దంపతులు రాలేదు.

“అన్నయ్యను అనేదాన్నే నేను కూడా,” అంది డార్లీన్ గిన్నెలు కడుగుతూ. “కానీ వాడి పెళ్ళాం ముందు అనకపోదును. నువ్వు డాక్టరైతే రోగులకు ఇట్లాగే చెబుతావా?”

మార్నీ కడిగిన గిన్నెలు తుడిచి పెట్టింది. గెలిచిన సంతోషం కోసం లోపల వెతుక్కుంది. అంతగా ఏమీ కనిపించలేదు.

రెండోసారి దరఖాస్తులు పంపినప్పుడు ఒకే ఒక్క మెడికల్ కాలేజీ సీటిచ్చింది. ఒక్కటి చాలు. రైనార్ట్‌కి ఫోన్ చేస్తే, “మంచిది, ఇక నిద్ర మరిచిపో,” అని పెట్టేసింది.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి నేలమాళిగలో కాఫీల దగ్గర వెండెల్ మామయ్య మార్నీ భుజం చుట్టూ చెయ్యి వేశాడు. పక్కన నిలబడ్డ పాస్టరుతో, “దీన్ని కాలేజీ చూపించడానికి కారులో తీసుకెళ్ళింది నేనేనండీ,” అన్నాడు. ఏ కాలేజో ఆయన చెప్పలేదు. అత్తయ్య వేరేవైపు చూసింది.

మార్నీ నాలుక చివర మాట సిద్ధంగా ఉంది, పదునుగానే ఉంది. తల్లి అటునుంచి చూస్తోంది. మార్నీ ఆ మాట మింగేసి, “అవునండీ, చాలా దూరం నడిపాడు,” అని పాస్టరుతో చెప్పి, తీపి బిళ్ళలు ఉన్న పళ్ళెం కోసం బల్లవైపు నడిచింది.