తెడ్డు పట్టిన కొంగ

మోకు గాలిలో ఒకసారి మెలి తిరిగి సరిగ్గా ఇనుప గుంజ మీద పడింది. ఒస్మార్ అటు చూడనైనా లేదు. పడుతుందని అతనికి తెలుసు. రెండు చుట్లు వేసి బిగించి, నడుం మీద చేతులు పెట్టుకుని, అఖాతం అవతలి నితెరోయ్ నుంచి వచ్చిన జనం లాంచీ దిగి రియో వీధుల్లోకి చెదిరిపోవడం చూస్తూ నిలబడ్డాడు. పొట్టి మనిషి. రాపిడికి అరచేతులు చెప్పు అట్టల్లా గట్టిపడ్డాయి. ఎండకీ ఉప్పుగాలికీ మెడ వెనక చర్మం గళ్ళుగళ్ళుగా చీలింది. లాంచీలు కట్టడం, విప్పడం తప్ప అతనికి వేరే బతుకు లేదనే రేవులో అందరూ అనుకుంటారు. విమానమైతే జన్మలో ఎక్కలేదు.

కానీ అతని మంచం కింద, అరలున్న చెక్కపెట్టె నిండా వాయుసేన స్క్వాడ్రన్ల గుర్తులున్నాయి. విమానాల మీద పనిచేసేవాళ్ళు రొమ్ము మీదా భుజం మీదా కుట్టించుకునే గుండ్రటి గుడ్డబిళ్ళలు. బ్రెజిల్ వాయుసేనలో వాటిని ముద్దుగా బిస్కెట్లు అంటారు. ఎప్పుడో రద్దయిపోయిన దళాలవి, ఇనుప సామానుగా అమ్ముడైపోయిన విమానాలవి. వాటిని కడగడు, ఇస్త్రీ చెయ్యడు. ఎవరి చెమట మరక వాళ్ళదిగానే ఉండాలంటాడు.

శనివారం పొద్దుటి డ్యూటీ దిగగానే రేవు పక్కన జరిగే పాత సామాన్ల సంతకి వెళ్ళడం అతని అలవాటు. ఆ రోజు కాస్త వేగంగా నడిచాడు. సంతలో కొట్టు పెట్టే గాస్పర్ ముందురోజు ఫోన్ చేశాడు. "నీ కొంగ దొరికినట్టుంది, వచ్చి చూసుకో," అన్నాడు.

ఆ కొంగ కథ పాతది. అమెజాన్ పాయ ఒకదాని ఒడ్డున వాళ్ళ ఊరు. అక్క నజరేకి పదకొండేళ్ళప్పుడు కడుపులో పేగు వాచింది. మెలికలు తిరిగిపోతున్న పిల్లను ఏం చెయ్యాలో తోచక ఇంటిల్లిపాదీ ఏడుస్తుంటే, కబురందుకున్న వాయుసేన నీటి విమానం వచ్చి ఏటి మీద వాలింది. ఒక సార్జెంటు ఆమెను చేతుల మీద ఎత్తుకుని మొలలోతు నీళ్ళలో నడిచి వెళ్ళాడు. ఒడ్డున అమ్మ పావడా పట్టుకుని నిలబడ్డ ఒస్మార్‌కి విమానం తోక తప్ప ఏమీ కనపడలేదు. ఇక రాదనుకున్న అక్క, బెలేం పట్నంలో ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చింది. "దారంతా నా తల ఆయన ఒళ్ళోనే ఉందిరా. రొమ్ము మీద తెల్లకొంగ, కాళ్ళతో తెడ్డు పట్టుకుంది. దాన్నే చూస్తూ పడుకున్నా," అని చెప్పింది.

తను చూడని ఆ కొంగ కోసమే ఒస్మార్ వెతకడం మొదలుపెట్టాడు. పెట్టెలో మిగతావన్నీ ఆ దారిలో దొరికినవే.

గాస్పర్ కాగితం విప్పి, బిళ్ళను బల్ల మీద పెట్టాడు. తెల్లదారం పసుపెక్కింది. కాళ్ళ కింద తెడ్డు స్పష్టంగా ఉంది.

"ఎవరో చనిపోయిన సార్జెంటు ఇంట్లో దొరికింది," అన్నాడు. "దీనికి నాకేం కావాలో నీకు తెలుసు."

ఒస్మార్ జేబులోంచి నిప్పుకోడి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ వెళ్ళిన వేట విమానాల దళానిది. దాని కోసం గాస్పర్ ఏళ్ళ తరబడి చొంగ కారుస్తున్నాడు.

గాస్పర్ దాన్ని ముట్టుకోలేదు. అనుమానంగా చూశాడు. "ఇంత తేలిగ్గా ఇస్తున్నావేంటి? నకిలీ కాదు కదా?"

"నకిలీ సరుకు నీ కొట్లో కదా దొరికేది."

"బేరం ఆడకపోతే నాకు అన్నం సయించదయ్యా. కాసేపు తిట్టైనా తిట్టు."

"వచ్చేవారం తిడతాలే. అక్క ఎదురుచూస్తోంది."

గాస్పర్ ముఖంలో నవ్వు పోయింది. నజరే గుండె ఇక బాగుపడేది కాదని, ఆస్పత్రివాళ్ళు ఇంటికి పంపేశారని అతనికీ తెలుసు. "అడిగానని చెప్పు," అన్నాడు మెల్లగా.

నితెరోయ్‌లో మేడమెట్ల పక్క గది వాళ్ళది. నజరే కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. ఈ ఊరికి ముందు వచ్చింది ఆమే. ఇంటింటికీ స్కూలు యూనిఫారాలు కుట్టి, ఛార్జీలు పంపి తమ్ముణ్ణి రప్పించింది. పెళ్ళి మాట ఇద్దరూ ఎత్తలేదు.

ఒస్మార్ బిళ్ళను ఆమె చేతిలో పెట్టాడు. ఆమె చాలాసేపు చూసింది.

"ఇది కాదేమోరా."

విసిరిన మోకు నీళ్ళలో పడ్డట్టయింది అతనికి. "ఎందుకు కాదు? కొంగే కదా. తెడ్డుంది."

"అది నవ్వేది."

"కొంగ నవ్వడమేంటక్కా?"

"నన్ను చూసి నవ్వేది."

ఆమె తల వెనక్కి వాల్చి, బిళ్ళను ముఖానికి పైగా ఎత్తి పట్టుకుంది. పడుకున్న పిల్లకి, మీదికి వంగిన మనిషి రొమ్ము ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తున. అప్పుడు పెదవులు విచ్చుకున్నాయి.

"ఆఁ, ఇదే. కిందనుంచి చూడాలి."

ఒస్మార్ మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె తల పక్కన తల పెట్టి చూశాడు. ముక్కు వంపు పైకి తిరిగింది. కొంగ నిజంగానే నవ్వుతోంది.

"నీ చొక్కా ఇటు విప్పు," అంది నజరే.

"ఎందుకు?"

"కుడతాను."

"సూది దిగితే దాని విలువ పోతుందక్కా."

"పెట్టెలో పెడితే ఎవర్ని చూసి నవ్వుతుందిరా? మనిషి రొమ్ము మీద ఉండాల్సింది."

ఒక్క అదనపు సూదిపోటు కనబడితే కొట్టువాళ్ళతో తగువేసుకునే ఒస్మార్, లాంచీ డ్యూటీ చొక్కా విప్పి ఇచ్చాడు. అతను సూదిలో దారం ఎక్కించబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "నీ మోకు నేను విసిరానా ఎప్పుడైనా?"

అతను నవ్వుకుంటూ కాఫీ పెట్టడానికి వంటగట్టు దగ్గరికి వెళ్ళాడు.

"పంచదార తగ్గించు," అని వినిపించింది వెనకనుంచి.

"తగ్గిస్తాలే."

కప్పులతో వచ్చేసరికి ఆమె తల కుర్చీ వీపు మీదికి వాలి ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. ఒస్మార్‌కి తెలిసిపోయింది. ఎవర్నీ కేకెయ్యలేదు. కప్పులు కింద పెట్టి, పక్కన కూర్చుని, ఆమె తలను తన భుజానికి చేర్చుకున్నాడు. కాఫీ చల్లారేదాకా అలాగే ఉన్నాడు.

ఆమె ఒళ్ళో నీలం చొక్కా పరిచి ఉంది. కొంగ రెక్క వైపు చిన్నచిన్న కుట్లు, అన్నీ ఒకే కొలతలో పడ్డాయి. తెడ్డు వైపు అంచు ఇంకా విడిగానే ఉంది. అక్కడ, గుడ్డలోకి సగం దిగి, తెల్లదారంతో సూది నిలిచి ఉంది.