ఇంటి పాల సున్నా

ఖిలా వరంగల్ మట్టికోట లోపలి పాలకేంద్రంలో ఆ పొద్దున సమ్మమ్మ పోసిన పాలకు నీలం దీపం వెలిగింది. నీలం అంటే పాలలో నీళ్లు కలిశాయని అర్థం. ఆ అర్థం పెట్టింది యమునే. మిషన్ ఆమెది, దాని కోసం తిండీ నిద్రా చెడగొట్టుకున్నది ఆమె. కాబట్టి ఆ దీపం చూసి అందరికంటే ముందు బిత్తరపోయిందీ ఆమే.

మిషన్ అంటే పెద్దదేం కాదు. షుగరున్నవాళ్లు వేలు గుచ్చుకుని చూసుకునేదానంత ఉంటుంది. పట్టీ మీద ఒక చుక్క పాలు వేస్తే సన్నగా కరెంటు పారుతుంది. పశువుకిచ్చిన యాంటీబయోటిక్ మందు పాలలోకి దిగి ఉంటే ఆ కరెంటు పెరిగి ఎర్ర దీపం వెలుగుతుంది. యమున చేయాలనుకున్నది అంతవరకే. కాలేజీలో ఆమెకు గైడుగా ఉన్న సుదర్శన్ సారు కంటికి మాత్రం అది ఆనలేదు. మందు సంగతి ఎవడిక్కావాలి, నీళ్లు పట్టిస్తేనే డెయిరీవాళ్లు మన మొహం చూస్తారని నీలం దీపం కూడా పెట్టించాడు. కరెంటు తగ్గితే నీలం. పెరగకుండా తగ్గకుండా ఉంటే ఆకుపచ్చ, అంటే మంచి పాలు.

ఏవి మంచి పాలో ఆ మిషన్‌కు ముందు ఎవరో ఒకరు నేర్పాలి కదా. మందు అంటని పాలు కొన్ని దానికి చూపించి, ఇదే సున్నా, మిగతావన్నీ దీన్నిబట్టి చూడు అని చెప్పాలి. ఆ పాలు యమున ఇంటినుంచే తెచ్చింది. వాళ్లమ్మ యాకమ్మ ఇంట్లోకని ఒక్క బర్రెను సాకుతుంది, కేంద్రంలో చుక్క పొయ్యదు. అంతకంటే నమ్మకమైన పాలు వరంగల్ మొత్తం వెతికినా దొరకవని యమున ధీమా. చదువుకున్న పిల్లే. కానీ అమ్మ చేత్తో పిండిన పాలను అనుమానించమని ఏ చదువులోనూ చెప్పరు.

సమ్మమ్మది వాళ్ల వెనక వీధే. యమునకు వరసకు పెద్దమ్మ. ఒక్క బర్రె మీద ఇల్లు గడుపుకునే మనిషి. ఆ బర్రె ఈనితే జున్నుపాల గిన్నె మొదట వచ్చేది యమున వాళ్లింటికే. అలాంటి మనిషిని ముందు నిలబెట్టి, కేంద్రం నడిపే మహిపాల్ ఆమె క్యానులో నీళ్లు పట్టే లాక్టోమీటరు ముంచాడు. అది సరిగ్గానే తేలింది. ఇంకో పట్టీ వెయ్యమన్నాడు. మళ్లీ నీలమే. మిగతా అందరి పాలకూ ఆకుపచ్చే వెలిగింది. లాక్టోమీటరునైతే ఉప్పేసి బోల్తా కొట్టించవచ్చు, కాలేజీ మిషన్‌ను కుదరదని మహిపాల్ తేల్చిపారేశాడు. ఆ మిషన్ వాళ్ల తాత చేసిపెట్టినట్టు ఎంత గర్వమో అతనికి.

సమ్మమ్మ గొడవ చేయలేదు. యమున వైపు తిరిగింది.

"బిడ్డా, నేను నీళ్లు కలుపలె. జర నీ మిషన్‌ను మంచిగ చూడు."

చూశానని, మిషన్ అబద్ధం చెప్పదని యమున అంది. మెల్లగా, మర్యాదగానే అంది. మెల్లగా అన్న మాట ఊరంతా పాకడానికి సాయంత్రం దాకా కూడా పట్టలేదు. చాయ్ పాల కోసం సమ్మమ్మ గడపకు గిన్నెలు పట్టుకొచ్చే వాళ్లు వేరే గడప చూసుకున్నారు. తర్వాతా ఆమె పాలకు నీలమే వెలిగింది. పొద్దున్నే క్యాను తేవడం, అందరి ముందూ దాన్ని మళ్లీ ఎత్తుకుపోవడం ఆమె పనైపోయింది. యమునకు బాధగానే ఉండేది. ఆ బాధ వల్ల సమ్మమ్మకు ఒరిగిందేమీ లేదు.

కాలేజీ ఫ్రీజర్‌లో సున్నా కోసం దాచుకున్న ఇంటి పాలు అయిపోయాయి. యమున చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చి ఒక సీసాలో పాలు పట్టుకుపోయింది. పట్టీ మీద చుక్క వేసింది. నీలం దీపం. పట్టీ మార్చింది. నీలమే. అమ్మ గానీ నీళ్లు కలిపిందా అని ఒక్క క్షణం అనుకుని, అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. సమ్మమ్మ గురించి అనుకున్నప్పుడు మాత్రం అసహ్యం వెయ్యలేదు.

ఆ సాయంత్రమే ఇంటికి పోయి, బర్రెకు మేత ఏమైనా మార్చావా అని తల్లిని అడిగింది. యాకమ్మ నొచ్చుకుంది.

"అప్పుడు పాలు కావాల్నని ముందుగాల చెప్పినవ్. గిప్పుడు చెప్పకుంటనే పట్కపోతివి. చెప్తే సూది ఇప్పిస్తుంటి గదా."

ఏం సూది అని యమున అడిగితే ఆమె మురిసిపోతూ చెప్పింది. మొదటిసారి బిడ్డ కాలేజీలో పరీక్షకు పాలు అడిగినప్పుడు, పెద్ద పెద్ద సార్లు చూసే పాలని ఆమెకు గుబులు పట్టుకుంది. బర్రెను రుద్ది రుద్ది కడిగి, నుదుట బొట్టు పెట్టి, రాజమల్లును పిలిపించింది. రాజమల్లు పశువుల డాక్టరు కాడు. బండీ, ఐసు డబ్బా, సూదులూ ఉన్నాయి కాబట్టి అందరూ డాక్టరనే పిలుస్తారు. అప్పుడు వానలు పడి పొదుగువాపు అంటుకుని, ఊళ్లో బర్రెలన్నిటికీ అతనే సూదులేస్తున్నాడు. యాకమ్మ బర్రెకు ఏ రోగమూ లేదు. అయినా వెయ్యమంది.

"అన్నిట్ల మంచి సూదే ఇయ్యమన్న. నీ పరువు గాదా బిడ్డా."

యమునకు అప్పుడు అర్థమైంది. మిషన్‌కు సున్నా అని నేర్పిన పాలలోనే మందు ఉంది. ఊరి పాలన్నిటిలోనూ అదే మందు, కాబట్టి అన్నీ సున్నాకు సరిపోయాయి. సూది పడని సమ్మమ్మ బర్రె పాలలో మందు లేదు, కాబట్టి వాటికి కరెంటు తగ్గింది. ఊరు మొత్తంలో పసిపిల్లకు పట్టదగ్గ పాలు ఆమె ఒక్కదానివే, నీళ్ల పాలని పేరు పడ్డదీ ఆమెకే. ఇదంతా అమ్మకు చెప్పకుండానే యమున బయటికొచ్చేసింది. ఆ మొహంలో అంత సంతోషం ఉంది.

మర్నాడు సుదర్శన్ సారు అంతా విని లేచి తలుపు వేశాడు. మిషన్ చూడటానికి పైనుంచి అధికారులు రాబోతున్నారు, సున్నా మార్చేసుకో, జరిగింది ఎక్కడా అనకు అన్నాడు. చాలా తియ్యగా అన్నాడు. యమున వినలేదు, అందుకు ఆమెను మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ సాయంత్రమే వెనక వీధికి పోయి, పెద్దమ్మా తప్పు నాది అని చెప్పి ఉంటే సరిపోయేది. పోలేదు. పరువు తీసింది మిషన్ కాబట్టి పరువు నిలబెట్టేది కూడా మిషనే కావాలి, ఆ జనం ముందే సమ్మమ్మ పాలకు ఆకుపచ్చ దీపం వెలగాలి అనుకుంది. పెద్ద ల్యాబులో పరీక్ష చేయించి తేల్చిన పాలతో కొత్త సున్నా కట్టింది. దానికి కొన్నాళ్లు పట్టింది.

కొత్త సున్నాతో కేంద్రానికి వచ్చిన పొద్దున యమున అందరినీ ఆగమంది. సమ్మమ్మ పెద్దమ్మ నీళ్లు కలపలేదని, తప్పంతా తాను కట్టిన సున్నాదని, మిషన్ ఇప్పుడు బాగుపడిందని, ఇక అది చెప్పిందే నిజమని గొంతు పెంచి చెప్పింది. మహిపాల్ మొహం మాడ్చుకున్నాడు. వరసలో ఉన్నవాళ్ల పాలన్నీ పరీక్షించింది. రాజమల్లు వేసిన మందు ఈ కొన్నాళ్లలో పాలనుంచి పోయింది కాబట్టి అందరివీ ఆకుపచ్చే. చివరన సమ్మమ్మ క్యాను ముందుకు జరిపింది. ఎన్నాళ్లకో ఆమె మొహంలో నవ్వు కనిపించింది.

చుక్క పడగానే ఎర్ర దీపం వెలిగింది.

ఆ కేంద్రంలో ఎర్ర దీపాన్ని అంతకుముందు ఎవరూ చూడలేదు. సమ్మమ్మ వంగి దాన్ని ఇష్టంగా చూసింది.

"అందరి బర్రెలకు సూదులిచ్చిండ్రు, అందరివి మంచిగున్నయన్నది నీ మిషన్. నా బర్రెకే ఇప్పియ్యకపోతి. అందుకే తక్కువైనయని సమజైంది. మొన్నటి సంది నేను సుత రాజమల్లుతోని ఇప్పిస్తాన. గిది మంచి దీపమే గదా బిడ్డా?"

దీపాల అర్థాలు రాసి గోడకు అంటించిన కాగితం చూసి మహిపాల్, ఎరుపంటే మందని గట్టిగా చదివాడు. మొన్న నీళ్లు, ఇవాళ మందు అని వెనక ఎవరో నవ్వారు. ఆ సూది ఆమె ఎందుకు వేయించిందో యమున చెప్పబోయింది. ఎవరు వింటారు? మిషన్ చెప్పిందే నిజమని ఇప్పుడే ఆమె నోటితోనే విన్నారు.

సమ్మమ్మ నవ్వు ఆగిపోయింది. "మరి నీ మిషన్‌కు ఎట్లాంటి పాలు కావాలె?" అని అడిగింది.

"నువ్వు మొదటినాడు పోసినవే, పెద్దమ్మా."

"గవి నీళ్ల పాలన్నది నువ్వే గదా బిడ్డా," అంది సమ్మమ్మ. క్యాను చంకకెత్తుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.