భుజం మార్చుకునేంత దారి

గౌస్ బాషాను లారీ తొక్కేసినప్పుడు నేను మా ఆయన సైకిల్ వెనక కూర్చుని నవ్వుతున్నాను. పెళ్లయి నెల కూడా కాలేదు. సైకిల్ గుంతలో పడినప్పుడల్లా ఆయన చొక్కా పట్టుకోవడం నాకు పండగ. ఆయనా గౌస్ బాషా చీమకుర్తిలో ఒకే గ్రానైట్ యూనిట్‌లో పాలిషింగ్ పని చేస్తారు. ముందు తన సైకిల్ మీద వెళ్తున్న గౌస్ బాషా వెనక్కి చూసి, "ఒరేయ్ చైతన్యా, కొత్త పెళ్లికూతురురా, మెల్లిగా తొక్కు!" అన్నాడు.

రోడ్డు పక్కన మట్టిదారి నిండా లారీల కాంట్రాక్టర్ దింపించిన గ్రానైట్ దిమ్మెలే. వాటిని తప్పించుకోవడానికి గౌస్ బాషా తారురోడ్డు ఎక్కాడు. లారీ ఆగలేదు.

కాంట్రాక్టర్ కారు దిగకుండానే మాట్లాడాడు. "రోడ్డు లారీల కోసం వేసింది. సైకిళ్లకి ఇక్కడేం పని?"

మధ్యాహ్నం అందరం మిరప కల్లంలో చేరాం. తొడిమలు తీసే ఆడవాళ్లు, యూనిట్ కూలీలు, కాలేజీ పిల్లలు. ఘాటుకి తుమ్ములు, వాటి మధ్య ఏడుపులు. ఆ ఆడవాళ్లలో పెద్దదైన పున్నమ్మ ఎండుమిరపకాయలు బారుగా పేర్చి, పక్కనే తొడిమలు వరసగా పోసింది.

"ఇది లారీల రోడ్డు. ఇదిగో, ఈ తొడిమల వరస మన దారి. కాలనీ నుంచి యూనిట్‌కి, బడికి, మిరప చేలకి. చివర కబరస్తాన్‌కి."

"సైకిల్ హ్యాండిల్ పట్టేంత ఉంటే చాలదా?" అన్నాడు మా ఆయన.

గౌస్ బాషా అన్న కరీముల్లా అప్పటిదాకా తలెత్తలేదు. "చాలదు చైతన్యా. రేపు మా తమ్ముడి జనాజా ఆ దారినే పోవాల. మోసేది నలుగురే అనుకున్నావా? వచ్చిన ప్రతివాడూ కాసేపు భుజం పడతాడు. ఒకడు వచ్చి చేరాల, ఒకడు తప్పుకోవాల. ఆపాటి చోటు లేకపోతే అదేం దారి?"

పున్నమ్మ తొడిమల వరసను అరచేత్తో వెడల్పు చేసింది.

మర్నాడు జనాజా దిమ్మెల దగ్గర ఆగిపోయింది. పక్కన లారీలు హారన్ కొడుతున్నాయి. కాంట్రాక్టర్ మనిషి లక్ష్మీకాంత్ అడ్డం వచ్చాడు.

"చేల మీదుగా తిప్పుకుపోండయ్యా."

"బతికున్నప్పుడు తిప్పారు. ఇప్పుడూ తిప్పుతారా?" కరీముల్లా జనం వైపు తిరిగాడు. "జనాజా కింద పెట్టం. గడ్డపారలు తెండ్రా!"

గడ్డపారలు వచ్చాయి, జాకీలు వచ్చాయి. రాళ్లతోనే బతికే చేతులవి. సగం మంది దిమ్మెలు కదుపుతుంటే, సగం మంది ఉన్నచోటే నిలబడి ఒకరి తర్వాత ఒకరు భుజం మార్చుకున్నారు. ముస్లిములూ హిందువులూ, పైరాష్ట్రం నుంచి వచ్చిన కూలీలూ. మా ఆయన భుజం పట్టినప్పుడు నాకు గర్వంతో ఏడుపొచ్చింది. ఒక్కో దిమ్మె దొర్లి దారి పక్క గోతిలో పడుతుంటే లారీల హారన్లు ఆగిపోయాయి. జనాజా కదిలింది. దాని వెనకే ఆడవాళ్లం రాయి కోసినప్పుడు వచ్చే తెల్లపొడిని సంచుల్లోంచి పోస్తూ దారి అంచు గీసుకుంటూ వెళ్లాం.

మగవాళ్లు మట్టి వేసి బయటకు వచ్చేసరికి కబరస్తాన్ గేటు దగ్గర పోలీసు జీపు సిద్ధంగా ఉంది. కాంట్రాక్టర్ ఆస్తికి నష్టం చేశారట. కరీముల్లాను ఎక్కించారు, మా ఆయన్ని ఎక్కించారు. ఆయన చేతులకు ఇంకా సమాధి మట్టి ఉంది.

"రమ్యా, పొద్దున ఇక్కడ పెట్టిన సైకిల్ ఇంటికి తీసుకెళ్లు," అన్నాడు.

"నాకు తొక్కడం రాదుగా!"

"నడిపించుకునిపో." నవ్వబోయాడు, కుదరలేదు. జీపు వెళ్లిపోయింది.

నేను దాని వెనక నాలుగడుగులు పరిగెత్తాను. పున్నమ్మ నా రెక్క పట్టుకుని ఆపింది.

"నిన్న మనం ఒక దారి మర్చిపోయామే అమ్మాయ్. స్టేషన్‌కి గీయలేదు. పట్టు ఆ సంచి."

సంచిని సైకిల్ వెనక కట్టి చిన్న చిల్లి పెట్టాం. నేను సైకిల్ నడిపిస్తుంటే తెల్లగీత మా వెనకే వచ్చింది. కల్లం నుంచి, యూనిట్ల నుంచి, బడి నుంచి జనం వచ్చి ఆ గీత లోపల నడిచారు. లారీలు పక్కకు ఒదిగి ఆగాయి.

స్టేషన్ మెట్ల దగ్గర ఎస్సై అరిచాడు. "ఇక్కడిదాకా ఎవరు గీయమన్నారే మిమ్మల్ని?"

"ఇంకా అవలేదు బాబూ. లోపలిదాకా గీయాల," అంది పున్నమ్మ. "తప్పుకో."