ఫ్లైఓవర్ ఎక్కిన వారంటీ

మా పికప్ ట్రక్కు ఇంజిన్‌లోంచి ఈల వేసినట్టు చప్పుడు రావడం మొదలైంది. వారంటీ ఇంకా ఉంది. కానీ మా ఆయన బండి కొన్న కొత్తలోనే బయట మెకానిక్ చేత ఇంజిన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్పించి, లాగుడు పెంచుకున్నారు. ఆ సంగతి కంపెనీవాళ్లకి తెలిస్తే వారంటీకి నీళ్లు వదులుకోవాల్సిందే. అందుకని ఆ పొద్దున్నే పాత సెట్టింగులు మళ్లీ వేయించి, ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టుకుని సర్వీస్ సెంటర్‌కి బయల్దేరారు.

"అక్కడ నువ్వు నోరు విప్పకు. నీ నోట్లో నువ్వుగింజ నానదు," అన్నారు దారిలో నాతో.

సర్వీస్ ఇంజినీరు నెమ్మదస్తుడు. "ఇంజిన్‌లో ఏమైనా మార్పించారా సార్?" అని అడిగాడు.

"అబ్బే! షోరూంలోంచి ఎలా తెచ్చామో అలాగే ఉంది."

"అయితే ఒక రౌండు వేద్దాం. మీరు నడపండి, నేను చప్పుడు వింటాను," అంటూ మా ఆయన పక్కన కూర్చున్నాడు. నేను వెనక సీట్లో నోరు కుట్టేసుకున్నాను.

ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఒక డొక్కు వ్యాను మమ్మల్ని దాటేసింది. మా ఆయన ఆక్సిలరేటర్‌ని నేలదాకా తొక్కారు. అయినా బండికి ఊపు రాలేదు. ఆయనకి ఒళ్లు మండిపోయింది.

"ఏం ఖర్మ! నిన్న ఇదే ఎత్తు మీద రాకెట్‌లా దూసుకుపోయింది!"

ఇంజినీరు ఇంజిన్ చప్పుడు వినడం మానేసి ఆయన వైపు తిరిగాడు.

"నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం జరిగింది సార్?"

మా ఆయన ఏదో ఒకటి చెప్పమన్నట్టు అద్దంలోంచి నావైపు చూశారు. నా నోట్లో నువ్వుగింజ హాయిగా నానుతోంది.