నాన్న కాలికి తగిన బూట్లు

భోజనానికి పిలిస్తే ఎవరైనా కడుపు ఖాళీగా ఉంచుకుంటారు. మా అన్న శ్రీకాంత్ మాత్రం వారం రోజులు బూట్లు వెతికాడు. తనకు కాదు, నాన్నకు.

పిలిచింది అన్న కంపెనీ జనరల్ మేనేజర్ బద్రీనాథ్ సారు. ఇస్నాపూర్ అవతల ఉన్న ఆ పంపుల ఫ్యాక్టరీకి ఆయన వచ్చి ఏడాది కూడా కాలేదు. ప్రొడక్షన్ మేనేజర్ కుర్చీ ఖాళీ అయింది. ఆ కుర్చీ మీద షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా ఉన్న మా అన్న కన్ను పడింది. ఎవరికైనా పెద్ద కుర్చీ ఇచ్చే ముందు ఇంటిల్లిపాదినీ పిలిచి భోజనం పెట్టడం, మనుషులు ఎలాంటివాళ్లో చూసుకోవడం ఆ సారు పద్ధతట. పెళ్లిచూపుల్లోనైనా పిల్లనొక్కదాన్నే చూస్తారు. ఇక్కడ మా నలుగురినీ చూస్తారన్నమాట.

గచ్చిబౌలి వైపు పెద్ద హోటల్, పదహారో అంతస్తు, ఆదివారం మధ్యాహ్నం. బుకింగ్‌తో పాటు అన్న ఫోన్‌కు ఒక నియమం కూడా వచ్చింది. మగవాళ్లు వేళ్లు కనిపించే చెప్పులతో లోపలికి రాకూడదు. అది రాసినవాడికి మా నాన్న కాలి సంగతి తెలియదు.

మా నాన్న మొగులయ్యకు ఎడమకాలి బొటనవేలు, దాని పక్క వేలు లేవు. పదకొండేళ్ల క్రితం అదే ఫ్యాక్టరీలో క్రేన్ గొలుసు జారి ఇనుపదిమ్మె కాలి మీద పడింది. అప్పటికి కాళ్లకు రబ్బరు చెప్పులే. తనిఖీ వాళ్లు వచ్చిన రోజు స్టోర్‌లోంచి బూట్లు తీసిచ్చి, వాళ్ల జీపు గేటు దాటగానే వెనక్కి తీసుకునేవారు. నాన్న వేళ్లు పోయాకే అందరికీ సేఫ్టీ బూట్లు వచ్చాయి. నష్టపరిహారానికి బదులు అప్పటి యాజమాన్యం అన్నకు ఉద్యోగం ఇచ్చింది. అప్పటికి అన్న డిప్లొమాలో రెండు సబ్జెక్టులు తప్పి ఇంట్లో పడుకుని ఉన్నాడు. అక్కడ రెండు సబ్జెక్టులు, ఇక్కడ రెండు వేళ్లు, చెల్లుకు చెల్లు.

ఆ తర్వాత యాజమాన్యం మారింది, సార్లు మారారు, వాళ్లతో పాటు మా అన్న చెప్పే కథ కూడా మారింది. క్యాంపస్‌లో సెలెక్టయి వచ్చానని, నాన్న చిట్కుల్‌లో వ్యవసాయం చేసుకుంటాడని బద్రీనాథ్ సారుకు చెప్పుకున్నాడు. మాకు నాలుగెకరాలు ఉన్న మాట నిజమే. నాన్న అదే గేటులో రెండేళ్ల కిందటి దాకా కార్డు కొట్టిన మాట కూడా నిజమే. అది చెప్పలేదు. పాత వర్కర్లకు అంతా తెలుసు కానీ, జనరల్ మేనేజర్‌తో మాట్లాడే మొఖాలు వాళ్లవి కావు.

ఇక బూట్ల దగ్గరికి వస్తాను. మా పక్క ఊళ్లలో సేఫ్టీ బూట్లంటే చిన్నచూపు లేదు. ఏడాదికో జత ఇస్తే పాతది డ్యూటీకి, కొత్తది పెళ్లిళ్లకు. చిట్కుల్‌లో ఏ ఫంక్షన్‌హాల్‌కు పోయినా మగవాళ్ల కాళ్లకు ఆ నల్లటి ఉబ్బెత్తు ముక్కుల బూట్లే కనిపిస్తాయి. నాన్న తన చివరి జతను అట్టపెట్టెలో దాచుకుని, ఎవరి పెళ్లైనా వస్తే తీసి పాలిష్ చేసుకుంటాడు. వాటి ముందుభాగంలో ఇనుప రేకు ఉంటుంది కాబట్టి వేళ్లు లేనిచోట కూలిపోదు. అందులో పాత బనియన్ గుడ్డ కుక్కి, లేసులు బిగించి కడితే నాన్న అందరిలాగే నడుస్తాడు. తెలియనివాళ్లు ఏ కాలికి వేళ్లు లేవో కనుక్కోలేరు.

ఆదివారం అవే వేసుకుంటానని నాన్న అన్నప్పుడు అన్న మొహం చూడాలి. చూడగానే లేబర్ అనుకుంటారని గోల పెట్టాడు. అసలు భయం వేరే. ఆ బూట్ల పక్కభాగం మీద కంపెనీ గుర్తు ఉంది.

పటాన్‌చెరులో ఒక షోరూమ్‌కు మమ్మల్ని తీసుకుపోయాడు. దారిపొడుగునా పాఠాలే. నేను సంగారెడ్డిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను, కానీ నాకు మా అన్న నడక నేర్పించాడు. మడమలు టకటకలాడకూడదట. అమ్మకు ముత్యాలు కుట్టిన చెప్పులు కొన్నాడు. మా అమ్మ ఇందిరమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, ఏ పెళ్లికూతురివి ఎత్తుకొచ్చినవని అడిగింది. నాన్నకు మాత్రం గోధుమరంగు తోలువి, లేసులు లేనివి, పైన చిన్న కుచ్చులు వేలాడేవి తీయించాడు. బద్రీనాథ్ సారు అలాంటివే వేస్తాడట. అన్న ఫోన్లో సారు బూట్ల ఫొటో ఉంది. ఇంట్లో దేవుడి పటానికి కూడా ఎప్పుడూ అంత దగ్గరగా ఫొటో తీయలేదు. షాపతను నాన్న కాలు చూసి, పెద్దాయనకు లేసులున్నవైతేనే నిలుస్తాయని మంచిమాట చెప్పాడు. వింటే కదా.

నాన్న ఒక్కసారి మాత్రం అన్నాడు.

"కాళ్లు బల్ల కిందనే ఉంటయి గదరా. ఎవడు వంగి సూస్తడు?"

లోపలికి వచ్చేటప్పుడే చూస్తారని, పెద్దవాళ్లు మనిషిని బూట్లతోనే కొలుస్తారని అన్న చెప్పాడు. అన్న మాటకు నాన్న ఎదురు చెప్పగా నేనెన్నడూ చూడలేదు. నాకు మొదటి నుంచీ ఒళ్లు మండేది అందుకే.

రెండు రోజులు మా ముందుగదిలో నడక సాధన జరిగింది. అన్న దూది కుక్కాడు, మేజోళ్ల మీద మేజోళ్లు తొడిగాడు. అయినా అడుగు ఎత్తితే బూటు నేల మీదే ఉండిపోయేది. చివరికి ఎడమకాలు ఎత్తకుండా ఈడ్చడం నేర్చుకున్నాడు నాన్న. పదకొండేళ్లలో లేని కుంటు రెండు రోజుల్లో వచ్చింది. హుందాగా ఉందన్నాడు అన్న.

ఆదివారం హోటల్‌కు పోయాం. మొహం చూసుకోవచ్చు, అంత నున్నటి నేల. నాన్న దాని మీద కాలు ఈడ్చుకుంటూ, అన్న మోచేయి పట్టుకుని నడిచాడు. బద్రీనాథ్ సారు ఎదురొచ్చి నాన్న చేతులు పట్టుకున్నాడు. నేను ముందుగా చూసింది ఆయన కాళ్లనే. మాసిపోయిన గుడ్డ బూట్లు వేసుకొచ్చాడు మహానుభావుడు. ఆయన భార్య అరుణాదేవిగారైతే కూర్చోగానే బల్ల కింద చెప్పులు విప్పేసి హాయిగా కాళ్లు ముడుచుకుంది. నేను అన్న వైపు చూశాను. అన్న నా వైపు చూడలేదు.

ఇంతంత పళ్లేల నడుమ చెంచాడేసి కూరలు వచ్చాయి. సారు మంచి మనిషే, అబద్ధం చెప్పను. పత్తి గురించి, కంది గురించి ఓపిగ్గా అడిగాడు. నాన్న నెమ్మదిగా జవాబులు చెప్పాడు. బిగుసుకున్న అన్న భుజాలు సడలాయి. కుర్చీ దాదాపు దొరికినట్టే ఉంది.

తిన్నాక చెయ్యి కడుక్కోనిదే నాన్నకు తిన్నట్టుండదు. లేచాడు. రెండు రోజుల సాధన ఆ క్షణాన మరిచిపోయి, మామూలు మనిషిలా కాలు ఎత్తి అడుగు వేశాడు. బూటు కుర్చీ పక్కనే ఉండిపోయింది. మూడో అడుగుకు మేజోళ్లలోని దూది పాదం కిందికి పోయి నాన్న తూలాడు. వెయిటర్ పట్టుకున్నాడు. మేజోడు ముందు కొస ఖాళీగా నేల మీద వాలి ఉంది. అందరూ చూశారు.

"అయ్యో, పెద్దాయనా, కాలికి ఏమైంది?" అని సారు లేచి నిలబడ్డాడు.

నాన్న నోరు తెరిచాడు. అన్న అందుకున్నాడు.

"షుగర్ సార్. చాలా ఏళ్లయింది. వేళ్లు తీసేయాల్సి వచ్చింది."

నాన్న అన్నను చూశాడు. ఎంతో సేపు కాదు, రెప్పపాటు. తర్వాత సారు వైపు తిరిగి, "అవు సార్, షుగరే," అన్నాడు.

వేళ్లు ఇచ్చినవాడితోనే ఆ అబద్ధానికి సాక్ష్యం చెప్పించాడు మా అన్న.

నాన్న చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చునేసరికి ఖుబానీ కా మీఠా గిన్నెలు పెట్టారు. తీపి అంటే నాన్నకు ప్రాణం. సగం పెళ్లిళ్లకు దానికోసమే పోతాడు. చెంచా పట్టుకున్నాడో లేదో, అరుణాదేవిగారు వెయిటర్‌ను పిలిచి పెద్దాయన గిన్నె తీసేయమంది. వాళ్లమ్మకు కూడా షుగరేనట. ఎంతో ప్రేమగా మెంతులు నానబెట్టి తాగమంది, జొన్నరొట్టె తినమంది, రెండో కాలినైనా జాగ్రత్తగా చూసుకోమంది. నాన్న ఒక్కో మాటకు తల ఊపాడు. ఆయన చేతిలో చెంచా మాత్రం మిగిలింది.

"నేనూ రోజూ చెబుతాను మేడం. వినరు," అన్నాడు అన్న.

నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆ కుర్చీ వస్తే నాన్నే అందరికంటే ఎక్కువ సంతోషిస్తాడని నాకు నేను చెప్పుకున్నాను. అన్నను తిట్టే నోరు నన్ను కూడా తిట్టాలి మరి. తండ్రిని ఇంత కనిపెట్టుకునే కొడుకు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడని, తనకు కావలసింది ఇలాంటివాడేనని సారు అన్నప్పుడు అన్న వినయంగా తల వంచాడు.

అప్పటిదాకా పట్టుమని పది మాటలు మాట్లాడని అమ్మ తన గిన్నెను నాన్న ముందుకు జరిపింది.

"తిను. నీకు షుగర్ లేదు."

అమ్మ గొంతు పెంచలేదు. సారు వైపు తిరిగి, ఇంటికొచ్చిన చుట్టానికి చెప్పినట్టు చెప్పింది.

"మీ కంపెనీలనే ఇనుము మీద వడి వేళ్లు పొయినయి సార్. వాటి బదులే వీనికి నౌకరిచ్చిండ్రు. క్యాంపస్ గీంపస్ ఏం లేదు."

అన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. బద్రీనాథ్ సారు అన్నను అడగలేదు. నాన్ననే అడిగాడు, నిజమేనా అని.

నాన్న గిన్నె ముట్టలేదు. ముందు అన్నను చూశాడు. అన్న బల్లగుడ్డ మీది గీతలు లెక్కపెడుతున్నాడు. నాన్న చెంచా కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు.

"పిల్లగాడు మంచిగ పని చేస్తడు సార్. మనసుల ఏం పెట్టుకోకుండ్రి."

అమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. ఎందుకో నాకు తెలుసు. పదకొండేళ్ల క్రితం ఆస్పత్రిలో కాలి కట్టు ఇంకా తడిగా ఉండగానే నాన్న లేచి కూర్చుని, అప్పటి మేనేజర్ ముందు ఇలాగే చేతులు జోడించాడు. అప్పుడు కూడా పిల్లగాడు మంచిగ పని చేస్తడనే చెప్పాడు. ఆ రోజు అన్న ఆ మంచం పట్టె పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఈ రోజు బిల్లు వచ్చేదాకా తల ఎత్తలేదు.