అమ్మ రేగెన్స్‌బుర్గ్‌లో ఉండిపోయిన ఆదివారం

నెలలో రెండో ఆదివారం తొమ్మిదిన్నర లోకల్ హైటెక్ సిటీలో బయల్దేరితే లింగంపల్లిలో ఆగదు. సీదా జర్మనీలో రేగెన్స్‌బుర్గ్ పోతుంది. పదకొండుకల్లా దిగి, పాత చర్చి, రాతి వంతెన, డాన్యూబ్ నది చూసుకుని, మన గడియారం నాలుగు కొట్టేసరికి మళ్లీ ఎక్కాలి. వచ్చినవాళ్లందరూ ఎక్కితే తప్ప బండి కదలదు కాబట్టి ఎవరూ పెద్దగా తొందరపడరు.

ఆ ఆదివారం తొందరంతా జ్యోత్స్నది. గచ్చిబౌలి సూపర్‌మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడుతూనే రెండేళ్లు ఫోన్లో కోడింగ్ నేర్చుకుంది. సాయంత్రం ఆరుకి, హైటెక్ సిటీ స్టేషన్ పక్క బిల్డింగ్‌లో మొదటి ఇంటర్వ్యూ. రాకపోతే మళ్లీ పిలవరు. ఇంట్లో చెప్పలేదు. పోయినేడాది పరీక్ష తప్పినందుకు తమ్ముడు దినేశ్ ఆర్నెల్లు నవ్వాడు. ఈ ప్రయాణానికి రానని చెప్దామంటే, అమ్మ భాగ్యమ్మకు నానక్‌రామ్‌గూడ హాస్టల్ వంట నుంచి ఎనిమిదేళ్లలో ఇది మొదటి సెలవు.

మూడున్నరకు ప్లాట్‌ఫాం మీద అమ్మ తప్ప అందరూ ఉన్నారు.

పొద్దున చర్చి మెట్ల మీద, గుడి ముందర విడిచినట్టే చెప్పులు విడిచింది భాగ్యమ్మ. పక్కనుంచి అందరూ బూట్లతో లోపలికి పోతున్నా పట్టించుకోలేదు. బయటికొస్తే చెప్పులు లేవు. "శని పోయిందనుకో, నడువు," అన్నాడు నాన్న రామన్న. "కొత్తయి గదయ్యా! మీరు పోండి, ఒక్కసారి చూసొస్త," అంది.

జ్యోత్స్న వెనక్కి పరుగెత్తింది. చర్చి వెనకాల, బెంచీల కింద వంగి చూస్తోంది అమ్మ.

"అమ్మా, రైలు!"

"నేను లేంది అదెట్ల పోతదే? జర ఆగు."

"అది పోవాలమ్మా. ఆరింటికి నాకు ఇంటర్వ్యూ ఉంది."

భాగ్యమ్మ నిటారుగా లేచింది. "నాతోని గూడ దాస్తివా?"

"మళ్లీ నవ్వుతరని."

భాగ్యమ్మ గబగబా నాలుగడుగులు వేసింది. రాళ్లకు పాదాలు బొబ్బలెక్కి ఉన్నాయి. గోడ పట్టుకుని ఆగిపోయింది. స్టేషన్‌కు ఇంకా పావుగంట నడక.

ఫోన్ మోగింది. దినేశ్.

"అక్కా, ఏడున్నరు? చెప్పులకు పాస్‌పోర్ట్ చేపిస్తుందా ఏంది? గార్డు సారుకు ఒకటే గుస్స. ఎవరన్న ఉండిపోతే వాళ్లే బండికి చెప్పాల్నట. మనసుల లేకుంట చెప్తే అది వినదట."

భాగ్యమ్మ ఫోన్ లాక్కుంది. "ఫోన్ బండికి ఆనియ్యిరా."

"ఆనిచ్చిన. చెప్పు."

"నేను ఉంటున్న. నువ్వు పో."

బండి కూత వెయ్యలేదు. "అమ్మా, నమ్మలేదే అది," అన్నాడు దినేశ్.

మూడు యాభై అయింది.

"రేపు పొద్దున నూటిరవై మందికి ఉప్మా..." అని భాగ్యమ్మ తనలో తనే అనుకుంటూ ఆగింది. సందు చివర నది మెరుస్తోంది. అటు చూసింది. ఈసారి కూతురి కోసం అన్నట్టు లేదు. మెల్లగా, "ఉంటున్న," అంది.

ఫోన్లో కూత వినపడింది.

"వచ్చే నెల దాకా ఏడుంటవమ్మా?" అంది జ్యోత్స్న.

"ఇట్ల ఆగిపోయినోళ్లందరుండే వంతెన పక్క సత్రంలనే. నాతోని వండే లక్ష్మీదేవికి ఫోన్ చెయ్యి, హాస్టల్ వంట ఆమెను చూసుకొమ్మను. ఇగ ఉరుకు!"

జ్యోత్స్న ఉరికింది. ఆమె ఎక్కీ ఎక్కకముందే బండి కదిలింది. "ఇంటర్వ్యూనా? ముందే చెప్తే నేను నవ్వుదునా?" అన్నాడు సంగతి విన్న దినేశ్. జ్యోత్స్న కిటికీ దగ్గరికి జరిగింది. నది మీదుగా పోతుంటే వంతెన మీద అమ్మ కనపడింది. ఉత్త కాళ్లతో, మెల్లగా నడుస్తోంది. కిందికి చూడటం లేదు.

ఆరుకు రెండు నిమిషాల ముందు తొమ్మిదో అంతస్తులో జ్యోత్స్న పేరు పిలిచారు. బల్లకవతల కళ్లద్దాలావిడ నీళ్ల గ్లాసు ముందుకు జరిపింది.

"కంగారు వద్దమ్మా. ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నాన్న, తమ్ముడు, నేను," అంది జ్యోత్స్న. ఊపిరి కుదురుకుంది. "అమ్మ లీవులో ఉందండి."