ఏటి నడుమ వంటిల్లు

ఈ ఊరిని మింగబోయింది ఏరు కాదు, మీరు. సర్వే ఆఫీసులో నీడపట్టున కూర్చుని, పాత పటంలో ఈ ఒడ్డున ఇళ్లు లేవు కాబట్టి వీళ్లంతా నిన్నగాక మొన్న వచ్చి పడ్డవాళ్లని రాసిపారేసిన పెద్దమనుషులు మీరే. నెలాఖరుకి ఖాళీ చేయమన్నారు. మీలో ఒక్కరైనా పడవెక్కి వచ్చి చూశారా?

ఆ కాగితం వచ్చేసరికి గ్రీజక్క ఇంజను విప్పుతోంది. రేవులో పడవ ఇంజన్లు బాగుచేసేది ఆమె ఒక్కతే. అసలు పేరు ఆమెకే గుర్తుండదు. నూట పది గడపల బతుకును నాలుగు వాక్యాల్లో తేల్చేసిన ఆ కాగితం చదువుకుంది. చేతులు తుడుచుకుని, రెండు పడవలు మారి ఆఫీసుకు పోయింది.

గుమస్తా చెడ్డవాడేం కాదు, పాపం ఎండ ఎరగనివాడు. పాత పటం బల్ల మీద పరిచి, ఇప్పుడు ఊరున్న చోట వేలు పెట్టి, ఖాళీగా ఉంది చూడమన్నాడు. ఆమె చూపు అక్కడ ఆగలేదు. దానికి బెత్తెడు దూరంలో, అప్పటి ఒడ్డు వెంట, చీమల బారులా చుక్కలు. అవేమిటని అడిగింది. ఇళ్లే గానీ వేరే ఊరివని, ఆ ఊరిప్పుడు లేదని అన్నాడు.

ఆ చోటు ఆమెకు అరచేతిలో గీతలా తెలుసు. ఇప్పుడది నడి ఏరు. ఏటా ఎండాకాలం నీళ్లు తగ్గగానే పడవల ప్రొపెల్లర్లు విరిగేది అక్కడే. విరిగినవన్నీ ఆమె షెడ్డు వెనక గుట్టపడి ఉన్నాయి. కింద చెట్ల మొద్దులున్నాయి, పీకించి పారేయండని పదేళ్లుగా ఊరిని పోరుతున్నదీ ఆమే.

తిరిగొచ్చి, ఊళ్లో అందరికన్నా వయసు పైబడ్డ పెద్దమ్మను ఆ మొద్దుల సంగతి అడిగింది. వల అల్లుతున్న ముసలామె తలెత్తలేదు.

"మొద్దులేమిటే? అది మా అత్త వంటిల్లు. నేను కాపరానికొచ్చింది ఆ గడపలోకే."

"ఇన్నాళ్లూ చెప్పవేం పెద్దమ్మా?"

"నువ్వు తిట్టడమే గానీ అడిగిందెప్పుడు?"

అప్పుడు చెప్పుకొచ్చింది. ఏరు ఒడ్డును కోసినప్పుడల్లా తలుపులూ దూలాలూ ఊడదీసి, భుజానేసుకుని వెనక్కి జరిగేవారట. లోతుగా పాతిన స్తంభాలు మాత్రం ఊడి రాలేదట. ఆమె ఎరికలోనే మూడుసార్లు జరిగారు. ఊరు ఎక్కణ్ణించో రాలేదు, ఏటికి దారిస్తూ వెనక్కి నడిచిందంతే.

వారం తిరక్కముందే గ్రీజక్క మళ్లీ వెళ్లి, గుమస్తాను పటంతో సహా పడవెక్కించింది. ఈత రాదని గుడ్లు తేలేశాడు.

"ఇంజనుకీ రాదు సార్. రోజూ నడవట్లా?" అంది.

ఎండలకు నీళ్లు తగ్గిన నడి ఏట ఇంజను ఆపి, చెయ్యి ముంచమంది. అతను మోచేతిదాకా ముంచి తడిమాడు. వేళ్లు ఓ గాడిలోకి దిగాయి, దూలం కూర్చడానికి ఎవరో ఉలితో తొలిచిన గాడి. చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

"చెట్టుకు నాలుగు పలకల తొర్ర ఉండదు కదమ్మా" అన్నాడు మెల్లగా.

ఆ పూటంతా తాడుతో కొలిచారు. పంతొమ్మిది స్తంభాలు దొరికాయి, పంతొమ్మిదీ పటంలోని చుక్కల మీదే. తడిసిన చొక్కా చేతులతోనే అతను నివేదిక రాశాడు, పెద్దమ్మ వేలిముద్ర వేసింది.

ఆ నివేదిక ఇప్పుడు మీ బల్ల మీదుంది. వానలు పడ్డాయంటే స్తంభాలు మళ్లీ చేతికందనంత లోతుకు పోతాయి. ఈలోపే రండి. చేతులు ముంచి చూడండి. ఖాళీ చేయమన్న కాగితం చింపి, ఊరిని ఇవాళ ఉన్న చోట పటంలోకి ఎక్కించండి. గ్రీజక్క పడవకు కొత్త ప్రొపెల్లరు బిగించి రేవులో కూర్చుంది. కదలండి.